ఒక స్టీలు డబ్బా వెండి: 326.90 గ్రాముల లెక్క

నా వెండి పని షాపుకి వచ్చిన ఒక అక్క స్టీలు డబ్బా మూత తీసి నా కౌంటర్ మీది గుడ్డలో బోర్లించింది. తెగిన పట్టగొలుసులు, నల్లబడ్డ మెట్టెలు, చిన్నపిల్లల కడియాలు, రెండు ముక్కలైన మొలతాడు, వరలక్ష్మీ వ్రతం నాటి రూపులు, ఒక సన్న గొలుసు, రాళ్ళ దిద్దులు, మూడు పాత రూపాయలు, ఒక తీగ పని కుంకుమ భరిణె. వాళ్ళ అవ్వ చనిపోయి మూడు నెలలైంది. ముగ్గురు అక్కచెల్లెళ్ళు సమానంగా పంచుకోవాలి.

"అన్నీ కలిపి తూచి యాభై టచ్ అన్నరు తమ్మీ. గంతేనా? నేను చెప్పింది చెల్లెండ్లు నమ్మాలె గదా" అంది.

ఆమె అప్పటికే వేరే ఊళ్ళో ఒక షాపులో అడిగి వచ్చింది. వాళ్ళు డబ్బాలో ఉన్నదంతా ఒకేసారి కాటా మీద పెట్టి, రెండు మెట్టెలను రాయి మీద గీసి చూసి, మొత్తానికి ఒకటే టచ్ కట్టి ఒక అంకె చెప్పారు. ఆ అంకె సరైనదా కాదా అన్నదే నా ముందున్న ప్రశ్న. చిల్లర వెండి తెచ్చే చాలామందికి ఎదురయ్యే ప్రశ్న ఇదే కాబట్టి, ఆ రోజు చేసిన పనంతా, నేను చేసిన పొరపాటుతో సహా, అంకెలతో రాస్తున్నాను.

ముందుగా రెండు మాటలు. మా పనిలో టచ్ అంటే నూటికి ఎన్ని పాళ్ళు మేలిమి వెండి ఉందో చెప్పే అంకె. 70 టచ్ అంటే 100 గ్రాముల సరుకులో 70 గ్రాములు మేలిమి, మిగతాది ఎక్కువగా రాగి, కొంత జింకు. ఇక ధర. ఆ రోజు ధర రాస్తే మీరు చదివే రోజుకి అది పనికిరాదు. అందుకే మేలిమి గ్రాము 100 రూపాయలు అనుకుని అన్ని అంకెలనూ ఆ లెక్కలోకి మార్చాను. ఈ రోజు ధర గ్రాముకి ఎంతుంటే అంతతో హెచ్చించుకుని వందతో భాగిస్తే మీ లెక్క వస్తుంది.

డబ్బాలో ఉన్నదంతా 326.90 గ్రాములు. యాభై టచ్ చొప్పున 163.45 గ్రాముల మేలిమి, అంటే 16,345 రూపాయలు. ఆ షాపువాళ్ళు చిల్లర తగ్గించి 16,000 అన్నారు.

నిజానికి వాళ్ళు మోసం చేశారని నేను అనను. కలగాపులగంగా ఉన్న చిల్లర వెండిని చూసినప్పుడు కొనేవాడికి భయం ఉంటుంది. అందులో ఏది ఇత్తడో, ఏది జర్మన్ సిల్వరో, ఎక్కడ లక్క ఉందో అతనికి తెలియదు. తెలియని ప్రతిదానికీ అతను తన వైపు కొంత మిగుల్చుకుంటాడు. వెండిని కలిపినంత మాత్రాన అందులోని మేలిమి ఎక్కడికీ పోదు. కలిపి కరిగించి సరిగ్గా పరీక్షిస్తే మొత్తం మేలిమి అంతే వస్తుంది. కానీ కరిగించకుండా అంచనా వేసినప్పుడు మాత్రం డబ్బాలోని అన్నిటికంటే నాసి ముక్క మిగతా అన్నిటి ధరనూ కిందికి లాగుతుంది. అమ్మేవాళ్ళకి నష్టం వచ్చేది అక్కడే.

అందుకే నేను ముందు కాటా జోలికి పోలేదు. గుడ్డ మీద కుప్పలు పోశాను.

మొదటి కుప్ప: కరిగించకూడనివి. భరిణె, మూడు రూపాయలు. వీటి సంగతి చివర్లో చెప్తాను. అవి 65.76 గ్రాములు. మిగిలింది 261.14.

తర్వాత అయస్కాంతం. వెండి అయస్కాంతానికి అంటుకోదు, నిజమే. ఇత్తడీ రాగీ కూడా అంటుకోవు కాబట్టి అయస్కాంతం వెండిని నిరూపించదు. ఇనుము ఎక్కడ దాగి ఉందో మాత్రం చూపిస్తుంది. సన్న గొలుసు కొక్కెం దగ్గర అయస్కాంతం పట్టుకుంది. కొక్కెంలో స్టీలు స్ప్రింగు ఉంటుంది, అది మామూలే. దిద్దుల వెనక మరలు కూడా స్టీలువే. పట్టగొలుసుల మువ్వల దగ్గర కూడా కాస్త లాగినట్టనిపించింది. మువ్వల లోపల మోగే గుళ్ళు అవి. వెండి మువ్వ మోగాలంటే లోపల ఏదో ఒక గట్టి గుండు ఉండాలి కదా. ఇనుపదో ఇత్తడిదో వేస్తారు.

గొలుసు దగ్గర పని త్వరగా అయిపోయింది. 925 ముద్ర ఉంది. ముద్ర ఉన్నంత మాత్రాన అది హాల్‌మార్క్ కాదని అక్కకి చెప్పాను. ఎవరైనా 925 అని కొట్టుకోవచ్చు. నాణ్యతా ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ గుర్తు ఉంటేనే హాల్‌మార్క్. బంగారానికి 2021 జూన్ నుంచి అది తప్పనిసరి అవుతూ వచ్చింది కానీ వెండికి ఇష్టముంటేనే. 2025 సెప్టెంబర్ 1 నుంచి వెండి హాల్‌మార్క్‌కి కూడా హెచ్‌యూఐడి, అంటే ఒక్కో వస్తువుకీ విడిగా ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉండే గుర్తింపు సంఖ్య, వేస్తున్నారు. ఈ గొలుసు పాతది, దానికి అదేమీ లేదు. కొక్కెం కత్తిరించి తీసేస్తే 12.84 గ్రాముల గొలుసు 12.50 అయింది. ఒక లంకెను కోసి, కోసిన చోట టచ్ మిషన్ పెడితే 92.4 వచ్చింది. ముద్ర నిజమే చెప్పింది. మేలిమి 11.55 గ్రాములు.

దిద్దులకి 4.10 గ్రాముల బరువు ఉంది కానీ అందులో రాళ్ళూ మరలూ పోను మిగిలింది 2.90. టచ్ 90. మేలిమి 2.61. రాళ్ళ దిద్దులు కొనేటప్పుడు రాళ్ళతో కలిపి తూచనివ్వకూడదని మనకి తెలుసు. అయితే మరోవైపు కూడా చూడాలి. మనం అమ్మేటప్పుడు రాళ్ళకని కొందరు అందాజాగా సగం బరువు కొట్టేస్తారు. రాళ్ళు పీకించి, వాటిని విడిగా తూచమని అడగండి. అయిదు నిమిషాల పని.

రూపులు మూడు, 7.20 గ్రాములు. పల్చటి రేకు మీద అచ్చు కొట్టిన లక్ష్మీదేవి ముఖాలు. రేకు అంత పల్చగా సాగాలంటే వెండి మెత్తగా ఉండాలి, అందుకే మంచి రూపులు ఎక్కువ టచ్‌లో ఉంటాయి. రెండు అలాగే 95 దాకా పలికాయి: 4.10 గ్రాములు, మేలిమి 3.90. మూడోది తెల్లగా మెరుస్తోంది కానీ వంచితే గట్టిగా ఎదురు తిరిగింది. అంచు మీద ఆకురాయితో గీసి ఒక చుక్క నైట్రిక్ యాసిడ్ వేశాను. ఆకుపచ్చగా పొంగింది. జర్మన్ సిల్వర్. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి ఒక్క పాలు కూడా ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది. దాన్ని కడిగి తుడిచి అక్క చేతిలో పెట్టాను. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని పర్సులో వేసుకుంది. అవ్వ దాన్ని వెండి అనుకునే ఏటేటా కలశానికి కట్టి పూజ చేసింది. దాని విలువ నా కాటాకి అందేది కాదు.

యాసిడ్ పరీక్ష గురించి ఒక మాట. చాలామంది వస్తువు పైపైనే చుక్క వేసి చూస్తారు. పైన వెండి పూత ఉంటే చుక్క పూతతోనే మాట్లాడుతుంది. ఆకురాయితో ఒక గాటు పెట్టి, లోపలి లోహం కనపడ్డాక అక్కడ వెయ్యాలి. వెండైతే పాలలా మసకగా తేలుతుంది, ఆ చుక్కలో ఉప్పునీళ్ళు కలిపితే తెల్లగా విరుగుతుంది. ఇత్తడీ రాగీ అయితే ఆకుపచ్చ నురగ. ఇది ఇంట్లో చేసుకునే పని కాదు. ఆ పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు, చర్మం మీద పడితే కాలుతుంది.

ఇక మెట్టెలు. పద్నాలుగు ముక్కలు, 38.50 గ్రాములు. కుంకుడు రసంలో మెత్తటి బ్రష్షుతో కడిగితే 38.05 అయింది. అర గ్రాము దాకా పసుపూ సబ్బూ మట్టీ. ప్రతి మెట్టెకీ లోపలి వైపు గాటు పెట్టి చూశాను. రెండింటిలో పసుపు రంగు తేలింది: ఇత్తడి మీద వెండి పూత. అవి 5.25 గ్రాములు. మిగిలిన పన్నెండు 32.80 గ్రాములు.

మెట్టెల విషయంలో అక్క ఒక మంచి ప్రశ్న అడిగింది. వాళ్ళ అబ్బాయి ఫోన్‌లో చూసి, నీళ్ళలో ముంచి తూచితే వెండి ఎంతో తెలుస్తుందట అన్నాడట. అలా చెయ్యొచ్చు కదా అంది. చెయ్యొచ్చు. దాని కథ ఇలా ఉంటుంది. మేలిమి వెండి ఒక ఘన సెంటీమీటరు 10.49 గ్రాములు తూగుతుంది, రాగి 8.96. రాగి కలిసే కొద్దీ సాంద్రత తగ్గుతుంది. వస్తువును గాలిలో తూచి, కాటా మీద పెట్టిన నీళ్ళ గ్లాసులో దారంతో అడుగుకి తగలకుండా వేలాడదీస్తే, కాటా ఎంత పెరిగిందో అదే ఆ వస్తువు పక్కకి తోసిన నీళ్ళ బరువు. గాలి బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది.

మొలతాడుతో అక్క కళ్ళ ముందే చేసి చూపించాను. 46.30 గ్రాముల మొలతాడు నీళ్ళలో వేలాడదీస్తే కాటా 4.55 చూపించింది. భాగిస్తే 10.18 దగ్గర. వెండి, రాగి మాత్రమే ఉన్నాయనుకుంటే అది 82 టచ్ వెండి. కాటా 0.01 గ్రాము అటూ ఇటూ అయినా లెక్క ఒక పాయింటు మాత్రమే మారుతుంది. బాగుంది.

అదే ఒక్క మెట్టెతో చేద్దాం. 2.70 గ్రాముల మెట్టె 70 టచ్‌ది అయితే 0.27 గ్రాముల నీళ్ళను తోస్తుంది. కాటా 0.01 తప్పు చూపించి 0.26 అంటే అది 92 టచ్ అనిపిస్తుంది. 0.28 అంటే 47 టచ్ అనిపిస్తుంది. అంటే ఒక్క నీటి బుడగ మెట్టెకి అంటుకుంటే చాలు, మంచి వెండి నాసి వెండి అయిపోతుంది. ముక్క ఎంత చిన్నదైతే నీళ్ళ పరీక్ష అంత అబద్ధం చెప్తుంది. చిన్న ముక్కల్ని ఒక్కొక్కటిగా ముంచి నిర్ణయించకండి. ఒకే రకమైనవి, ఇత్తడి లేదని గాటు పెట్టి తేల్చుకున్నవి, అన్నీ ఒక దారానికి గుచ్చి కలిపి ముంచితే కాస్త నమ్మకమైన అంకె వస్తుంది. నీళ్ళలో ఒక చుక్క సబ్బు వేస్తే బుడగలు తగ్గుతాయి. లోపల గుల్లగా ఉన్నవాటికీ లక్క ఉన్నవాటికీ ఈ పరీక్ష అసలు పనికిరాదు.

కడియాలు అలాంటివే. రెండు బాల కడియాలు, 24.60 గ్రాములు, చేతిలోకి తీసుకుంటేనే బరువుకి తగ్గ చల్లదనం లేదు. వెండి వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టి ముట్టుకుంటే చల్లగా తగులుతుంది. ఇవి మందకొడిగా ఉన్నాయి. అతుకు దగ్గర విప్పితే లోపలంతా లక్క. పల్చటి వెండి గొట్టం నొక్కుకుపోకుండా లోపల లక్క నింపడం పాత పద్ధతి. వేడి చేసి లక్క తీస్తే 9.80 గ్రాములు బయటికి వచ్చింది. మిగిలిన మసి కూడా కాల్చి తుడిస్తే లోహం 14.60. మొత్తం బరువులో 40 శాతానికి పైగా వెండి కానిదే. అవ్వని ఎవరూ మోసం చేయలేదు. కొన్న రోజున కూడా దాన్ని లక్క కడియమనే కొని ఉంటారు. కానీ పాతికేళ్ళ తర్వాత ఇంట్లో ఎవరికీ ఆ సంగతి గుర్తుండదు, అందరూ 24 గ్రాముల వెండి ఉందనే అనుకుంటారు.

ఇక నా పొరపాటు.

పాత పట్టగొలుసులు 86.40 గ్రాములు. అవ్వ పెళ్ళినాటివి. బరువైనవి, అచ్చం పాత పని. వాటిని చూడగానే నాకు గౌరవం కలిగింది, ఆ గౌరవమే నన్ను తప్పుదారి పట్టించింది. కడిగి తుడిచి, టచ్ మిషన్ కింద పెట్టి రెండు చోట్ల చూశాను. 79, 78. పాత వెండి కదా, ఉంటుంది అనుకున్నాను. అక్కతో "ఇవే మంచి సరుకు, ఎనభై దగ్గర ఉంటాయి" అని నోరు జారాను. ఆమె ముఖం వెలిగిపోయింది. కాగితం మీద 65 గ్రాముల మేలిమి అని రాసేశాను కూడా.

తర్వాత మువ్వలు విప్పి గుళ్ళు తీశాను. 2.90 గ్రాములు. అంతకుముందు కడిగినప్పుడు పోయిన మురికి 1.10. మిగిలింది 82.40. కరిగించే ముందు అలవాటు ప్రకారం ఒక తీగ ముక్క కోసి, కోసిన మొహం మీద మిషన్ పెట్టాను. 68. మువ్వ అతికిన చోట కోసి చూస్తే 45.

ఏం జరిగిందంటే, మిషన్ వస్తువు పై పొరను మాత్రమే చూస్తుంది. రాగి ఎక్కువ కలిపిన వెండిని కాల్చి పుల్లటి నీళ్ళలోనో పల్చటి యాసిడ్‌లోనో వేస్తే, పైకి తేలిన రాగి కరిగిపోయి పైన వెండి ఎక్కువున్న తెల్లటి పొర మిగులుతుంది. వస్తువుకి తెలుపు పెట్టడమంటే అదే. పని చేసేవాడికి అది అందం కోసం. నా మిషన్‌కి మాత్రం ఆ పొరే వస్తువంతా అనిపించింది. ఇక అతుకులు. పాత పట్టగొలుసులో లంకె లంకెకీ, మువ్వ మువ్వకీ టంకం ఉంటుంది. టంకం త్వరగా కరగాలంటే అందులో రాగి, జింకు బాగా ఉండాలి. తెగినప్పుడల్లా బజారులో అతికించుకున్న అతుకులు వేరే. ఒక చోట సీసం టంకం కూడా కనిపించింది. దాన్ని కోసి పక్కన పెట్టాను, ఎందుకంటే సీసం కాస్త కలిసినా కరిగిన వెండి పెళుసు బారి సుత్తి కింద పగులుతుంది.

పట్టగొలుసుల్ని విడిగా మూసలో వేసి, వెలిగారం చల్లి కరిగించాను. వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రాగి కలిస్తే ఇంకా ముందే కరుగుతుంది. కరిగాక గ్రాఫైట్ కడ్డీతో బాగా కలిపి పోశాను. వెండీ రాగీ చల్లారేటప్పుడు ఒక్క తీరుగా గడ్డకట్టవు, ఒక చోట వెండి ఎక్కువ, ఒక చోట తక్కువ అవుతుంది. అందుకే బిళ్ళ పైన ఒకటి, కింద ఒకటి తొలిచి చూడాలి. పైన 61.6, కింద 60.4. సగటు 61. బిళ్ళ బరువు 81.60. తగ్గిన 0.80 గ్రాముల్లో కొంత జింకు పొగై పోయింది, కొంత వెలిగారం చిట్టెంలో చిక్కింది. ఆ పొగ సంగతి కూడా చెప్పాలి. పాత టంకంలో కాడ్మియం ఉండే అవకాశం ఉంది, దాని పొగ ప్రాణానికి ప్రమాదం. గాలి గుంజే గొట్టం కింద తప్ప పాత వెండిని కరిగించకూడదు, ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద అసలు వద్దు.

మేలిమి 49.78 గ్రాములు. నేను కాగితం మీద రాసింది 65. తేడా 15 గ్రాములు, అంటే 1,500 రూపాయలు, అదీ ఒక్క జత పట్టగొలుసుల మీద.

అక్కకి ఆ సంగతి చెప్పడం కష్టమైంది. ముందు రాసిన అంకెను ఆమె చూస్తుండగానే కొట్టేసి, కోసిన ముక్కల్ని ఆమె చేతికిచ్చి, మిషన్ కింద ఆమెనే పెట్టమన్నాను. 45 అని తెర మీద పడ్డాక ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. "ముందు చెప్పింది గుర్తుంచుకోకు అక్కా, అది నేను పైపైన చూసి చెప్పిన మాట" అన్నాను. ఆ రోజు నుంచి పాత పట్టగొలుసుల్ని మూడు చోట్ల కోయకుండా నేను ఏ అంకే నోట పలకడం లేదు: శుభ్రమైన తీగ దగ్గర, మువ్వ అతుకు దగ్గర, కొక్కెం దగ్గర. కోసినా కూడా అది అంచనాయే, కరిగించాక వచ్చేదే లెక్క.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సన్న పట్టగొలుసులు 41.20 గ్రాములు, ఈ మధ్యవి, మిషన్ పని. మువ్వల గుళ్ళు పోను 40.30. వీటిని మెట్టెలతో కలిపి కరిగించాను. ఎందుకు కలిపానంటే, కోసి చూస్తే రెండూ 65, 70 మధ్యలో ఉన్నాయి, ఒక్కో కరుగుకీ 150 రూపాయల ఖర్చు ఉంది. ముప్పై గ్రాముల మెట్టెల కోసం విడిగా మూస వెలిగించడం అక్క డబ్బును కాల్చడమే. 73.10 గ్రాములు వేస్తే 72.30 వచ్చింది, టచ్ 67, మేలిమి 48.44. అలాగే మొలతాడు, లక్క తీసిన కడియాలు కలిపి 60.90 వేస్తే 60.40 వచ్చింది. టచ్ 80, మేలిమి 48.32. మొలతాడు నీళ్ళలో చెప్పిన 82తో ఇది బాగానే కలిసింది, ఎందుకంటే కడియాలు కోసినప్పుడు 74 చూపించాయి.

గొలుసును, దిద్దులను, రూపులను కరిగించలేదు. అవి తక్కువ బరువు, లోహం ఒక్క తీరుగా ఉంది, కోసిన చోట టచ్ నమ్మదగ్గది. కరిగిస్తే తరుగు తప్ప లాభం లేదు.

ఇప్పుడు మొత్తం కూడదాం. పాత పట్టగొలుసులు 49.78, మెట్టెలూ సన్న పట్టగొలుసులూ 48.44, మొలతాడూ కడియాలూ 48.32, గొలుసు 11.55, దిద్దులు 2.61, రూపులు 3.90. మొత్తం 164.60 గ్రాముల మేలిమి. విలువ 16,460 రూపాయలు. అందులో మేలిమి తీసే ఖర్చూ కొనేవాడి మిగులూ కలిపి 4 శాతం పోగా 15,801 రూపాయల 60 పైసలు. మూడు కరుగుల ఖర్చు 450. చేతికి వచ్చేది 15,351 రూపాయలు.

ఆ 4 శాతం షాపును బట్టి, సరుకును బట్టి మారుతుంది. 90 పైన టచ్ ఉన్నదానికి తక్కువ పోతుంది, 50 దగ్గర ఉన్నదానికి ఎక్కువ పోతుంది. ఎంత తీస్తారో కరిగించకముందే అడిగి కాగితం మీద రాయించుకోవడం మీ హక్కు. టచ్‌లోనూ తగ్గించి, ధరలోనూ తగ్గించి, మళ్ళీ తరుగు పేరుతోనూ తగ్గిస్తే ఒకే ఖర్చును మూడుసార్లు కట్టినట్టవుతుంది. ఒక చోటే తీయమనండి. కాటా చుక్క తర్వాత ఎన్ని అంకెల వరకు చూపిస్తుందో కూడా చూడండి. 0.1 గ్రాము కాటా మీద 2.90 గ్రాముల దిద్దులు తూచితే అది ఎటు దొర్లినా మీకు తెలియదు.

అక్క అంకెను చూసి, "అవతలోళ్ళు పదహారు వేలు అన్నరు గదా తమ్మీ, నీది తక్కువుంది?" అంది.

అప్పుడు మొదటి కుప్పను ముందుకు జరిపాను. అవతలివాళ్ళ పదహారు వేలలో ఇవి కూడా ఉన్నాయి.

మూడు రూపాయల్లో రెండు ఐదో జార్జి తల ఉన్నవి. ఆ రూపాయి కొత్తగా ఉన్నప్పుడు 11.66 గ్రాములు, నూటికి 91.7 పాళ్ళు వెండి. చేతులు మారి అరిగి ఇవి 11.52, 11.48 ఉన్నాయి. మేలిమి 21.09 గ్రాములు. 1940 నుంచి వచ్చిన రూపాయల్లో వెండిని నూటికి 50 పాళ్ళకు తగ్గించారు కాబట్టి బొమ్మను కాదు, సంవత్సరాన్ని చూడాలి. ఇవి రెండూ అంతకుముందువే. మూడోది మా నిజాం రాజ్యం నాటి హాలి సిక్కా, చార్మినార్ బొమ్మ ఉన్నది. అది తయారైనప్పటి బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 పాళ్ళు. ఇది 11.06 ఉంది, మేలిమి 9.05. లోహం వరకే చూసినా మూడూ కలిపి 3,014 రూపాయలు. వాటిని మూసలో వేయడానికి నాకు మనసు రాదు. నాణేలు దాచుకునేవాళ్ళు ఏడాదిని బట్టి, ముద్ర ఎంత శుభ్రంగా ఉందో దాన్ని బట్టి ఇంకా ఎక్కువ ఇస్తారు. వాటిని తోమి మెరిపించకండి అని మాత్రం గట్టిగా చెప్పాను. తోమితే ముద్ర అరిగి ఆ విలువ పోతుంది.

భరిణె 31.70 గ్రాములు. మా కరీంనగర్ తీగ పని. వెండిని వెంట్రుకలా సన్నటి తీగగా లాగి, రెండు తీగల్ని మెలేసి, అణగగొట్టి, వంపులు తిప్పి, ఆకులు, పూలు అల్లి, చట్రంలో కూర్చి అతికిస్తారు. ఈ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత సన్నటి తీగ తెగకుండా రావాలంటే వెండి మంచిదై ఉండాలి. అతుకులు కలుపుకుని 85 అనుకున్నా 26.9 గ్రాముల మేలిమి, 2,690 రూపాయలు. కానీ దాన్ని కరిగిస్తే మిగిలేది ఆ 2,690 మాత్రమే. అలాంటి భరిణె ఒకటి మళ్ళీ చేయాలంటే ఎన్ని రోజులు కూర్చోవాలో నాకు తెలుసు, మా నాన్న చేసేవాడు. మూత మీద ఒక ఆకు ఊడింది. నేను అతికించి ఇస్తానన్నాను, డబ్బులు తీసుకోలేదు.

అంటే లోహం వరకే లెక్క కట్టినా డబ్బాలో ఉన్నది 15,351, 3,014, 2,690 కలిపి 21,055 రూపాయలు. మొత్తం బరువులో మేలిమి 67, 68 టచ్ మధ్య పడుతుంది. యాభై కాదు. జర్మన్ సిల్వర్ రూపు, ఇత్తడి మెట్టెలు, లక్క, ఇనుప గుళ్ళు, మట్టి అన్నీ ఆ 326.90లో ఉన్నాక కూడా అంత ఉంది.

ఈ పనంతా చేయడానికి దాదాపు నాలుగు గంటలు పట్టింది. అంత సమయం ప్రతి షాపూ ఇవ్వలేదు, అది నాకు తెలుసు. కానీ ఏరడం, కడగడం, ఒక్కో రకాన్ని విడిగా సంచిలో వేసి బరువు రాసుకోవడం ఇంట్లోనే చేసుకోవచ్చు. 0.01 గ్రాము చూపించే చిన్న కాటా ఉంటే చాలు. ఏడు చిన్న సంచులు, ఒక్కోదాని మీద బరువు రాసి షాపుకి వెళ్తే, కొనేవాడు ఒక్కోదానికీ విడిగా టచ్ చెప్పాల్సి వస్తుంది. అలా చెప్పించడమే సగం పని. మిగతా సగం, ఎక్కువ బరువున్న రకాన్ని మీ ముందు కోయించడం, మీ ముందు కరిగించడం.

అక్క అన్నీ రాసిన కాగితం తీసుకుంది. చెల్లెళ్ళకి చూపించడానికి ఫోటో కూడా తీసుకుంది. వారం తర్వాత ముగ్గురూ కలిసి వచ్చారు. బిళ్ళలు అమ్మేశారు. 15,351 మూడు భాగాలు చేస్తే ఒక్కొక్కరికి 5,117, పైసా మిగల్లేదు. భరిణె ఇంటి దేవుడి గూట్లోనే ఉండాలని ముగ్గురూ అనుకున్నారు. రూపాయల దగ్గరే కాసేపు మాటలయ్యాయి. మూడు నాణేలు, ముగ్గురు మనుషులు, కానీ ఒకదాంట్లో వెండి తక్కువ. చార్మినార్ రూపాయిలో ఒకటిన్నర గ్రాముల మేలిమి తక్కువని నేను రాసిన కాగితంలోనే ఉంది.

"నాకు గదే ఇయ్యండ్రి" అంది చిన్నావిడ. "అవ్వ గది కొంగుకు కట్టుకునేది."